ఇంటిలోని విషములు - పిల్లి సంరక్షణ

ధాన్యము, పప్పులు, బెల్లము నిలువ చేయు కొట్లున్నచోట ఎలుకలు తప్పవు. ఎలుకలున్నచోటికి పిల్లి వచ్చి చేరుట సహజము. కొందరు దానికి పేరు పెట్టి బిడ్డవలె పెంచుకొందురు. మరికొందరు "కొట్టుపిల్లి" యని గిన్నెడు పాలు పోసి ఊరకుందురు. ఎట్లు పెంచినను, దాని ప్రాణమునకు కీడుచేయు వస్తువులు చాలవరకు మనమే డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకొన్నవి. వాని సంగతి కొంత తెలిసికొనుట అవసరము.

ముందుగా పిల్లి శరీరధర్మము చూడవలెను. మన కాలేయము అనేక రసాయనములను విరిచి మూత్రముద్వారా బయటికి పంపివేయును. ఆ పనిచేయు ఒక ముఖ్యమైన సాధనము పిల్లి కాలేయమునందు మిక్కిలి కొరత. పైగా అది నాలుకతో ఒడలంతయు శుభ్రము చేసికొను జంతువు. కాళ్ళకంటిన ప్రతి వస్తువును దాని కడుపులోనికి పోవును. బరువు చూడబోయిన మూడు నాలుగు కిలోలే. కావున మనకు మందైనది దానికి విషమగుటలో వింత లేదు.

ఇక ఎలుకల మందు. ఇందు రెండు జాతులు ముఖ్యము. జింకు ఫాస్ఫైడు అను నల్లని బూడిదరంగు పొడిని పిండిలో కలిపి పెట్టుదురు. అది కడుపులోని ఆమ్లముతో కలిసి విషవాయువగును. గంటలలోనే వాంతులు, ఆయాసము, వణుకు కనిపించును. రెండవ జాతి బ్రోమడయోలోను వంటి బిళ్ళలు. ఇవి రక్తము గడ్డకట్టుటకు కావలసిన 'కె' విటమినును పనిచేయనీయవు. శరీరములో అప్పటికే ఉన్న గడ్డకట్టించు పదార్థములు ఖర్చగువరకు ఏ లక్షణమును కనబడదు. మూడు నుండి అయిదు దినముల తరువాత పిల్లి నీరసించును, చిగుళ్ళు తెల్లబడును, రొమ్ములో రక్తము చేరి ఆయాసపడును. అప్పటికి మందు పెట్టిన సంగతియే మనము మరచియుందుము.

పిల్లి బిళ్ళ తినదు గదా యని కొందరి ధైర్యము. బిళ్ళ తినిన ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు మందముగా తిరుగును. అట్టి ఎలుకయే పిల్లికి సులభముగా చిక్కును. ఒక్కటి తినిన ఏమియు కాకపోవచ్చును గాని, వరుసగా నాలుగైదు తినినచో విషము పోగుపడును. పిల్లిని పెంచుచు ఎలుకల మందు పెట్టుట ఒక కొట్టులో పొసగని పని. గుత్తదారుచేత పెట్టించినను అంతే. చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడింటిని వేరుచేసి చూడరాదని మనకు చిన్ననాటినుండి చెప్పుచునే యున్నారు గదా!

ఎలుకలను రానీయకుండుటకు మార్గములు లేకపోలేదు. తలుపు అడుగున రేకు కొట్టించవలెను. చుంచుపిల్ల చిటికెనవ్రేలు పట్టనంతటి సందులోనుండియు దూరును గనుక తూములకు సన్నని ఇనుప జాలి బిగించవలెను. బస్తాలను చెక్కలపై ఎత్తుగా, గోడకు రెండడుగుల ఎడముగా పేర్చవలెను. బోనులో పడిన ఎలుకను ఊరి వెలుపల విడువవచ్చును. పెద్ద గోడౌనులలో అల్యూమినియము ఫాస్ఫైడు మాత్రలతో పొగపెట్టుట కలదు. అది అనుమతిగల మనుష్యులు మాత్రమే చేయదగిన పని. తార్పాలిను కప్పుటకు ముందు బస్తాల సందులలో తల్లిపిల్లి పిల్లలను పెట్టలేదుగదా యని దీపము వేసి చూడవలెను. దీనిని ఎవరును గుమాస్తాకు చెప్పరు.

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము ననుసరించి ఇట్టి మందుల డబ్బాలపై వజ్రాకారపు రంగు గుర్తు వేయుదురు. ఎరుపు అత్యంత విషము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ అనగా పిల్లికి హాని లేదని అర్థము కాదు.

ఇంటి విషయమునకు వత్తము. అన్నిటికంటె ఘోరమైనది పారాసిటమాల్. పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉన్నదని దయతో వేసిన 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి దానిని చంపగలదు. చిగుళ్ళు గోధుమరంగునకు తిరుగును, మొగము, పాదములు వాచును. నీటిలో పోయగానే పాలవలె తెల్లబడు ఫినాయిలు మొదలైనవాటితో తుడిచిన నేల పూర్తిగా ఆరువరకు పిల్లిని ఆ గదిలోనికి రానీయరాదు. బట్టల వ్యాపారులు పట్టుచీరల నడుమ వేయు కలరా ఉండలు దాని రక్తకణములను చెరచును. కుక్కల పిడుదులకై మెడపై వేయు పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి వేసినచో మూర్ఛలు వచ్చును. ఉల్లి, వెల్లుల్లి దానికి పడవు. మన వంటిండ్లలో ఆ భయము లేదు, కొట్టులో పనివారి అన్నపు డబ్బాలను గూర్చి మాత్రము జాగ్రత్తపడవలెను.

పూలలో లిల్లీ ప్రమాదకరము. పుప్పొడి నాకినను, కూజాలోని నీరు త్రాగినను మూడు దినములలోపల మూత్రపిండములు చెడిపోవును. మన పూలబజారులో లిల్లీయని అమ్మునది నేలసంపెంగ, అది ఈ జాతి కాదు. కలువయు కాదు. బెంగుళూరు, చెన్నై నగరములలో పెండ్లి బహుమతులకిచ్చు పూలగుత్తులలో ఆరు రేకులతో బాకావలె విచ్చుకొనునదే ఆ పువ్వు.

విషము సోకినదని అనుమానము కలిగినప్పుడు మన పెద్దలు చేయు పనులు రెండు: ఉప్పునీరు పోసి కక్కించుట, విరుగుడని పాలు పోయుట. రెండును కూడదు. ఉప్పే పిల్లికి విషమగును. జింకు ఫాస్ఫైడు తినిన పిల్లికి ఏ ఆహారమిచ్చినను కడుపులో ఆమ్లము పెరిగి వాయువు హెచ్చును. కిరసనాయిలు వంటివి త్రాగినప్పుడు కక్కించినచో అది ఊపిరితిత్తులకు పోవును. కక్కించుట అవసరమా, కాదా యని వైద్యుడే నిర్ణయించవలెను. తినిన ఒకటి రెండు గంటలలోపల చేరినచో ఆయన చేతిలో ఉపాయములు ఎక్కువ.

ఒంటిపై పడినదైనచో గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోము మెత్తని సబ్బునీటితో కడిగి, తువ్వాలులో చుట్టి నాకకుండ పట్టుకొనవలెను. వాంతిపై వంగి వాసన చూడరాదు. జింకు ఫాస్ఫైడు వాయువు మనకును అపాయకరమే. గది కిటికీలు తెరువవలెను. మందు పొట్లము, తినిన వేళ, పిల్లి బరువు వ్రాసిన చీటి వెంట తీసికొని పోవలెను. ముందుగా టెలిఫోను చేసిన మరియు మంచిది, ఏలయన పారాసిటమాలుకు అసిటైల్ సిస్టీను అను విరుగుడు అన్ని ఆస్పత్రులలో సిద్ధముగా ఉండదు. చెన్నైవారికి వేపేరి, బెంగుళూరువారికి హెబ్బాళ, ముంబైవారికి పరేలు పశువైద్య కళాశాలలు కలవు. తక్కిన ఊళ్ళవారు రాత్రివేళ తెరచియుండు పశువైద్యశాల ఏదియో ఇప్పుడే కనుగొని గల్లాపెట్టె మూతకు అంటించుకొనవలెను.

రక్తము గడ్డకట్టనీయని ఎలుకమందునకు 'కె1' విటమిను మంచి విరుగుడు. అయితే దానిని మూడు నాలుగు వారములు ఈయవలెను. పిల్లి గెంతుచున్నది గదా యని పదవనాడు మానివేసినవారు మరల రక్తస్రావము చూచుట కలదు, ఆ మందు శరీరమునందు అంతకాలము నిలిచియుండును. చివరి మాత్ర ఇచ్చిన రెండు దినములకు రక్తపరీక్ష మరల చేయించవలెను.