సంకల్పము నెరవేరు విధము – సాగుపట్టీ
(చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకు)

ఉగాదినాడు పంచాంగము వినునపుడు ఈ యేడైనను పొలమును బాగుచేయుదమని తలంపని రైతు లేడు. వేసవి దున్నకము చేయింతుమనియు, మంచి విత్తనము సమకూర్చుకొందుమనియు, పంటకాలువ పూడిక తీయింతుమనియు అనుకొందురు. తొలకరినాటికి అందు సగమైనను జరిగియుండదు. దీనికి సోమరితనమే కారణమనుట న్యాయము కాదు. ఏ పని, ఎంత, ఏ తేదీలోపల, ఎవరు చేయవలెనో ముందుగా నిర్ణయింపకపోవుటయే ముఖ్యకారణము.

కడప సీమయందు వానలు తక్కువ. కురిసిన వాన వలని పదను కొలదిదినములే నిలుచును. వాన వెలిసిన పిదప విత్తనమునకై అంగడికిని, గొర్రునకై పొరుగింటికిని పోయినవాడు తిరిగివచ్చునప్పటికి నేల ఆరిపోవును. ఆ యేటి పంట ఆ నాలుగుదినములలోనే పోవును.

పెద్ద కార్యములకును ఇదియే నియమము. సుంకేసుల యొద్ద తుంగభద్ర నీటిని మళ్లించి కడపవఱకు తెచ్చు కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 ప్రాంతమున ఆరంభించి దాదాపు పదేండ్లకు ముగించిరి. అయితే రేగడిలో మెట్టపైరులకు అలవడిన రైతులు కంపెనీవారు ఆశించినంతగా నీరు తీసికొనలేదు. 1882 లో ప్రభుత్వమువారు ఆ కాలువను కొనవలసివచ్చెను. నీరు వచ్చినంతమాత్రమున సాగు రాదనియు, చివరి మడివఱకు యోచన సాగవలెననియు దీనివలన తెలియుచున్నది.

ఉదాహరణము. జమ్మలమడుగు రేగడిలో ఒక రైతు 4 ఎకరముల శనగ విత్తదలచెననుకొందము. అతడు తన పట్టీలో ఈ క్రింది విధముగా వ్రాసికొనవలెను.

1. విత్తనము: ఎకరమునకు 30 కిలోల వంతున 120 కిలోలు. సెప్టెంబరు నెలలోనే 100 గింజలను తడిగుడ్డలో మూటగట్టి మొలకలు లెక్కింపవలెను. 85 మొలచినచో ఈ లెక్క చాలును. 75 మాత్రమే మొలచినచో 136 కిలోలు కావలెను. అంతకంటె మిక్కిలి తగ్గినచో ఆ విత్తనమును విడిచి వేఱుది తెచ్చుకొనుటకు ఇంకను వ్యవధి యుండును.

2. దున్నకము, గుంటక: హస్తకార్తె ప్రవేశించులోపల ముగింపవలెను. ఎడ్లైనను ట్రాక్టరైనను ఎవరివో, బాడుగ యెంతో ముందే మాట్లాడుకొనవలెను.

3. విత్తుట: అక్టోబరు నెలలో పదను చిక్కిన మఱునాడే. గొర్రు తోలువారెవరో, విత్తనము పోయువారెవరో పేర్లు వ్రాసికొనవలెను.

4. వాన ఆలస్యమైనచో: నవంబరు నడిమివఱకు వేచియుండవచ్చును. అటుపిమ్మట విత్తిన శనగ కాయపట్టునప్పటికి ఎండలు ముదిరి దిగుబడి తగ్గును. కావున తేమ మిగిలిన పల్లపు చెక్క నేదో, విడిచిపెట్టు చెక్క యేదో ముందే గుర్తింపవలెను. ఆశచేత నాలుగెకరములును విత్తి విత్తనము పోగొట్టుకొనరాదు.

ఈ నాలుగవ అంశమునే రైతులు తఱచుగా మఱచుచున్నారు. వాన మన చేతిలోనిది కాదు. వాన రానినాడు ఏమి చేయవలెనో నిర్ణయించుకొనుట మాత్రము మన చేతిలోనిదే.

పులివెందుల ప్రాంతమున వేరుశనగ విత్తువారు జూలై దాటకుండ విత్తునట్లు ఇట్టి పట్టీనే వేసవిలో సిద్ధము చేసికొనవలెను. కాలువ క్రింద పసుపు నాటువారికి యోచన మఱింత ముందుగా కావలెను. పసుపు తొమ్మిదినెలల పైరు. మఱుసటియేటి విత్తుకొమ్ములను త్రవ్వకమునాడే తెగులులేని మడినుండి ఏరి, నీడపట్టున భద్రపఱుపవలెను.

పట్టీని వ్రాసి పెట్టెలో దాచినచో ప్రయోజనము లేదు. దానిని ఇంటి గోడకు అంటింపవలెను. ఇంటివారందఱకు చదివి వినిపింపవలెను. ప్రతి కార్తె మొదటిదినమున జరిగిన పనికి గుర్తుపెట్టి, జరుగని పనికి క్రొత్త తేదీ వేయవలెను. మొదటియేట అన్ని పొలములకును పూనుకొనక ఒక్క పైరునకు, ఒక్క చెక్కకు ఈ పద్ధతిని అవలంబించి, పంట యింటికి వచ్చిన పిదప లాభనష్టములు సరిచూచుకొని తక్కిన పొలములకు విస్తరింపజేయుట మేలు.