టీకా సంగతి చాట్‌బాట్ చెబితే నమ్మొచ్చా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర కొల్లేటి లంక గ్రామం. అమ్మాయికి 13 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడిగితే ఒకసారి రెండు డోసులంది, ఇంకోసారి మూడంది. ఖమ్మంలో పిల్లలు చనిపోయారనీ చెప్పింది. వేయించాలా, వద్దా?
– ఒక తల్లి

జవాబు: వేయించండమ్మా. డోసుల లెక్క వయసును బట్టి మారుతుంది. 9–14 ఏళ్లకు ఆరు నెలల తేడాతో రెండు, 15 నిండితే మూడు. మీ అమ్మాయి వయసులో ఒక్కటైనా సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వయసు చెప్పకుండా అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది.

ఖమ్మం సంగతి సగమే విన్నారు. 2009లో ఖమ్మం జిల్లాలోనూ గుజరాత్‌లోనూ పాత్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టులో టీకా వేసుకున్న ఏడుగురు బాలికలు తర్వాత చనిపోయారు. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టడం మాత్రం పెద్ద తప్పే. అందుకే మీరిలా అడగడం నాకు నచ్చింది.

ఇకపై చాట్‌బాట్‌ని అడిగేటప్పుడు వయసు, ఇదివరకు వేయించిన టీకాలు, ఎలర్జీలు చెప్పండి. పేరు, ఆధార్ నంబరు వద్దు. వచ్చిన జవాబును మీ ఏఎన్ఎమ్మకు చూపించండి. 10, 16 ఏళ్లకు ఉచితంగా వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా సంగతీ ఆమెనే అడిగి కనుక్కోండి.

హెచ్‌పీవీ టీకా వేశాక చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం మామూలే. కళ్లు తిరగొచ్చు కాబట్టి పావుగంట కూర్చోబెట్టండి. ఇదివరకు ఏ టీకాకైనా తీవ్రమైన ఎలర్జీ వచ్చుంటే ముందే డాక్టరును కలవండి. టీకా తర్వాత ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఫోన్‌లో ప్రశ్నలు టైపు చేయకుండా వెంటనే 108కి కాల్ చేయండి.
– పిల్లల వైద్య నిపుణులు, తాడేపల్లిగూడెం