సంకల్పంలోని దేశకాలాలు – క్షేత్రాల స్థాననిర్దేశం

నిత్యపూజకు సంకల్పం చెప్పుకొనేటప్పుడు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో, నాటి తిథి యేదో వరుస తప్పక పలుకుతాము. దేశకాలాలు చెప్పనిదే కర్మకు సంపూర్ణత లేదని పెద్దలు చెబుతారు. ప్రాచీన ఆలయాలను, శాసనాలను కంప్యూటరు పటాలపై నమోదు చేసే నేటి కార్యానికీ ఈ నియమమే మూలం.

మా గ్రామ శివాలయాన్ని గురించిన పాత కాగితంలోని అక్షాంశ రేఖాంశాలను మా మనుమడు ఒకనాడు ఫోనులో వేసి చూశాడు. గుర్తు గుడిపై పడక ఆవలి పొలంలో పడింది. అంకెలు తప్పా అని అడిగాను.

"అంకెలు సరియైనవే తాతగారూ, లెక్క కట్టిన మానం వేరు" అన్నాడు.

మన పాత సర్వే పటాలకు 1830 నాటి ఎవరెస్టు భూమానం ఆధారం. నేటి జీపీఎస్‌కు 1984 సంవత్సరం పేరిట వ్యవహరించే ప్రపంచమానం ఆధారం. పంచాంగ గణితం నేర్చిన నాకు వెంటనే బోధపడింది. సాయన నిరయన గణనలకు నడుమ నేడు సుమారు 24 డిగ్రీల భేదం ఉన్నది. ఏ గణనయో చెప్పక గ్రహస్ఫుటం చెబితే ప్రయోజనమేమి?

కనుక స్థానాన్ని నమోదు చేసేవారు అంకెలతోపాటు మానాన్ని, కొలిచిన సాధనాన్ని, తేదీని, ఎన్ని మీటర్ల వరకు తేడా రావచ్చునో కూడా వ్రాయాలి. పరిభాషకూ నియమం ఉండాలి. ఒకరు గుడి అని, ఒకరు కోవెల అని, మరొకరు ఆలయమని వ్రాస్తే, ఆ మూడూ ఒకటేనని ముందుగా చెప్పనిదే యంత్రానికి తెలియదు. పర్యాయపదాలను ఒక్కచోట కూర్చి అమరసింహుడు మనకు చేసిన ఉపకారమే ఇక్కడా కావాలి. వారసత్వ సమాచారాన్ని సంస్థలు ఒకే అర్థంతో పంచుకొనేందుకు 2006లో ఐఎస్ఓ 21127 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది.

ఇంత పట్టింపు ఎందుకంటారా? కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తలచుకోండి. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట వెలసిన ఆ ఆలయాన్ని, శ్రీశైలం జలాశయపు ముంపు నుండి కాపాడేందుకు, రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిర్మించారు. నేటి స్థానం ఒక్కటే వ్రాస్తే, అది సంగమేశ్వరుడన్న పేరెందుకు దాల్చినదో రాబోయే తరానికి తెలియదు. పూర్వస్థానం ఒక్కటే వ్రాస్తే యాత్రికుడు నీటిని చూసి మరలిపోతాడు. రెండు స్థానాలూ, వాటి కాలాలూ నిలవాలి.

భక్తులారా! మీ ఆలయంలో శాసనశిల ఉంటే దానిపై సున్నం పడనీయకండి. ఫొటో తీసి, ఎక్కడ, ఎప్పుడు, ఏ మానంలో అన్నది వ్రాసి భద్రపరచండి. అది ఆ శిల పక్షాన మీరు చెప్పే సంకల్పం.

శుభం భూయాత్.