లారీ రాకను తెలుపు అయస్కాంతము

విద్యార్థులారా! సండూరు గనులనుండి ఇనుపరాతిని మోసికొని వచ్చు లారీలను మీరు నిత్యము చూచుచునే యున్నారు. కన్నులతో చూడకయే వాని రాకను కనిపెట్టు సాధనమొకటి కలదు.

మన ప్రాంతమున భూమియొక్క అయస్కాంతక్షేత్రము సుమారు 0.4 గాస్. స్వల్పమేయైనను దిక్సూచి ముల్లును ఉత్తరమునకు త్రిప్పునది అదియే. లారీవంటి ఉక్కురాశి దాపునకు వచ్చినపుడు ఆ క్షేత్రము కొంత చెదరును. బాటలో పాతిన గ్రాహకము ఆ మార్పును విద్యుత్సంకేతముగా మార్చును. 2 మీటర్ల యెడముగా రెండు గ్రాహకములుంచితిమనుకొనుడు. లారీ మొదటిదానిని దాటిన 0.2 సెకండునకు రెండవదానిని చేరినచో దాని వేగము సెకండునకు 10 మీటర్లు, అనగా గంటకు 36 కిలోమీటర్లు. ఇంజను, ఇరుసులు ఉన్న తావులనుబట్టి సంకేతము హెచ్చుతగ్గులగును గనుక కారునకొక రూపము, లారీకొక రూపము ఏర్పడును. ఎడ్లబండికి చక్రములచుట్టునున్న ఇనుమే ఆధారము. దాని గుర్తు మిక్కిలి చిన్నది.

లారీలోని ఖనిజమే ఇంతపని చేయునని తరగతిలో పలువురు పొరబడుదురు. (మొదట నేనును అట్లే తలచితిని.) సండూరు ఖనిజము ముఖ్యముగా హెమటైటు, అందు ఇనుము హెచ్చేగాని అయస్కాంతగుణము అత్యల్పము. కావున నిండు లారీయు, వట్టి లారీయు ఈ సాధనమునకు ఇంచుమించు ఒక్కటే. 2011లో కర్ణాటక లోకాయుక్త నివేదిక బయటపెట్టిన అక్రమ ఖనిజ రవాణావంటిదానిని ఇదియొక్కటియే పట్టజాలదు. ఇది లారీలను లెక్కించును. బరువు తెలియవలెనన్న లారీని కాటామీదికి ఎక్కింపవలసినదే.