అరగంట ఆగితేగాని కదలని కారు

మీ వీధిలో ఎవరైనా కారు బయటికి తీసేటప్పుడు గమనించండి. తాళంచెవి తిప్పుతారు, బండి కదులుతుంది. అలా కాకుండా, ముందు కింద మంట వెలిగించి, నీళ్లు మరిగేదాకా ఇరవై ముప్పై నిమిషాలు పక్కన నిలబడవలసివస్తే? అమెరికాలో పాతికేళ్లకు పైగా జనం డబ్బిచ్చి మరీ అలాంటి కార్లు కొన్నారు. వాటి పేరు స్టాన్లీ. అవి ఆవిరితో నడిచేవి.

వాటిని తయారుచేసినవారు ఫ్రాన్సిస్ స్టాన్లీ, ఫ్రీలాన్ స్టాన్లీ అనే కవల సోదరులు. 1849లో మెయిన్ రాష్ట్రంలోని కింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టారు. ఇద్దరికీ ఒకే తీరు గడ్డాలు, ఒకే తీరు దుస్తులు! మొదట వారిది ఫోటో తీసే గాజు పలకల వ్యాపారం. 1897లో సరదాకొద్దీ ఒక ఆవిరి కారు చేశారు. 1899లో ఫ్రీలాన్ తన భార్య ఫ్లోరాను పక్కన కూర్చోబెట్టుకుని, 1,917 మీటర్ల ఎత్తున్న వాషింగ్టన్ శిఖరం పైకి అలాంటి కారునే నడిపించాడు. అంతకుముందు ఏ మోటారు బండీ ఆ కొండ ఎక్కలేదు.

ఈ బండిలో క్లచ్ లేదు, గేరు పెట్టె లేదు. ఎందుకు అక్కరలేకపోయిందో చూద్దాం. పెట్రోలు ఇంజను ఆగి ఉన్నప్పుడు దానికి ఏ బలమూ లేదు. ముందు దాన్ని ఎవరైనా తిప్పాలి. తగినంత వేగంగా తిరుగుతున్నప్పుడే అది బండిని లాగగలదు. అందుకే ఇంజను తిరుగుతుండగా చక్రాలను విడదీయడానికి క్లచ్, వేగాన్ని బలంగా మార్చడానికి గేర్లు కావాలి. ఆవిరి సంగతి వేరు. మేడమీది ట్యాంకులో నీళ్లు కుళాయి తిప్పడం కోసం కాచుకుని ఉన్నట్టే, బాయిలరులో ఆవిరి కాచుకుని ఉంటుంది. కవాటం తెరవగానే పూర్తి బలంతో పిస్టన్‌ను నెడుతుంది. స్టాన్లీలో రెండు సిలిండర్లు. ఒక్కొక్క పిస్టన్‌ను ఆవిరి ముందు నుంచీ, వెనక నుంచీ కూడా నెడుతుంది. ఒకటి కొసకు చేరి బలం ఇవ్వలేని క్షణాన రెండోది నెడుతూనే ఉంటుంది. అందుచేత ఇంజనును నేరుగా వెనక ఇరుసుకే తగిలించారు.

ఇక బాయిలరు. మీ ఇంట్లో కుక్కరు మూత బిగిస్తే నీళ్లు 100 డిగ్రీలకు కాక సుమారు 120 డిగ్రీలకు మరుగుతాయి గదా! స్టాన్లీ బాయిలరులో పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 40 రెట్లు. అక్కడ నీళ్లు మరిగేది 250 డిగ్రీల దగ్గర. పేలిపోదా అని మీకు అనుమానం రావచ్చు. అప్పటివారికీ వచ్చింది. అందుకే సోదరులు బాయిలరు చుట్టూ పియానోలకు వాడే ఉక్కుతీగను వరసలు వరసలుగా బిగించి చుట్టారు. లోపల వందలాది సన్నని గొట్టాలు. నీళ్లు తగ్గి వేడి హెచ్చితే ముందు గొట్టాలు కారేవి, ఆ తడికి మంట ఆరిపోయేది.

1906 జనవరిలో ఫ్లోరిడా సముద్రతీరాన ఫ్రెడ్ మారియట్ అనే అతను, బోర్లించిన పడవలా ఉన్న ఒక స్టాన్లీని గంటకు 205 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. ఆవిరి బండ్లలో ఆ అధికారిక రికార్డు 2009 దాకా నిలిచింది! మరుసటి ఏడు అతనే ఇంకా వేగంగా పోబోతే, ఇసుకలో మిట్ట తగిలి కారు గాలిలోకి లేచి ముక్కలైంది. మారియట్ బతికాడు. సోదరులు మాత్రం పందేలు మానేశారు.

ఇంత చక్కని బండికి దాహం మహా ఎక్కువ. ఒక గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావాలంటే సుమారు 540 కేలరీల వేడి మింగుతుంది. పని అయిపోయాక ఆ ఆవిరిని బయటికి వదిలేస్తే నీళ్లూ పోయె, వేడీ పోయె. దారిలో గుర్రాల కోసం కట్టిన తొట్ల దగ్గర ఆగి నీళ్లు తోడుకోవలసివచ్చేది. 1914లో పశువులకు గాలికుంటు వ్యాధి ప్రబలింది. తొట్ల ద్వారా అంటుకుంటుందని చాలాచోట్ల వాటిని ఎండగట్టేశారు. ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరుగా మార్చే ఏర్పాటు స్టాన్లీ కార్లకు 1915లో వచ్చింది.

అప్పటికే ఆలస్యమైంది. అంతవరకు పెట్రోలు కార్లను చేత్తో పిడి తిప్పి కదిలించేవారు. అది వెనక్కి తన్ని మణికట్లు విరిచేది. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ చేసిన విద్యుత్ స్టార్టరు వచ్చింది. మీట నొక్కితే చాలు. ఇక అరగంట ఎవరు కాచుకుంటారు? పైగా 1924లో స్టాన్లీ దాదాపు 4,000 డాలర్లు, ఫోర్డు 500 లోపే. స్టార్టరు కంటే ఈ ధరే పెద్ద దెబ్బ అని నాకు తోస్తుంది. ఫోర్డు కార్లు వరసలో వేలకు వేలు తయారవుతుంటే, స్టాన్లీలను పనివాళ్లు ఒక్కొక్కటిగా అమర్చేవారు.

1918లో ఫ్రాన్సిస్ కారు ప్రమాదంలోనే చనిపోయాడు. 1924లో కార్ల తయారీ ఆగిపోయింది. ఫ్రీలాన్ 1940 దాకా బతికాడు. కింగ్‌ఫీల్డ్‌లో వారి పేరుమీద కట్టిన పాత బడి ఇప్పుడు స్టాన్లీ ప్రదర్శనశాల. ఒకప్పుడు పిల్లలు పాఠాలు చదువుకున్న ఆ భవనంలో ఇప్పుడు ఆవిరి కార్లు ఉన్నాయి.