లంచములోని భేదములు - చట్టము చూపిన వివేచన

లంచమును ఉర్దూలో రిష్వత్ అందురు. కచేరీలలో ఈ రెండు మాటలకంటె ఎక్కువగా వినవచ్చునది 'మామూలు'. ఆనవాయితీ యను అర్థముతో ఉర్దూనుండి వచ్చిన ఈ పదము తెలుగున లంచమునకు మారుపేరై స్థిరపడినది. జనులకు అన్నియు ఒకటే. చట్టము మాత్రము వానిని వేరువేరుగా తూచుచున్నది. ఆ తూకమును గూర్చి కొంత వివరింపదలచితిమి.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 161వ సెక్షను మూలమైనది. ప్రభుత్వోద్యోగి తన అధికార కార్యమును చేయుటకో, మానుటకో ప్రతిఫలము పుచ్చుకొనుట అందలి నేరము. ప్రతిఫలము సొమ్మే కానక్కరలేదు. అనుకూలముగా తీర్పు చెప్పినందుకు బ్యాంకరువద్ద తన సోదరునికి కొలువు సంపాదించిన మునసబును ఆ చట్టమే ఉదాహరించినది. అధికారిని ఒప్పించెదనని సొమ్ము తీసికొను దళారికి 162, 163 సెక్షనులు వర్తించెడివి.

మాకు మిక్కిలి సూక్ష్మముగా తోచినది 165వ సెక్షను. తనయెదుట సెటిల్మెంటు వ్యవహారము నడచుచున్న వ్యక్తి యింటిని కలెక్టరు నెలకు 50 రూపాయలకు అద్దెకు తీసికొనును. న్యాయమైన బేరమున అది 200 పలుకును. ఏ పనియు చేసిపెట్టెదనని అతడు మాట యీయలేదు. అయినను నేరమే!

ఈ సెక్షనుల స్థానమును 1988 నాటి అవినీతి నిరోధక చట్టము ఆక్రమించినది. కావున 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినను ఈ విషయమున మార్పు లేదు. ప్రతిఫలము పుచ్చుకొనుటకు నేడు 7వ సెక్షను క్రింద మూడు నుండి ఏడేండ్ల శిక్ష కలదు. కలెక్టరు అద్దెవంటి దానికి 11వ సెక్షను క్రింద ఆరు నెలల నుండి ఐదేండ్లు.

అసలు చిక్కు రుజువులో నున్నది. ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లను తాకిన చేతిని సోడియం కార్బొనేట్ ద్రావణమున ముంచినచో గులాబిరంగు వచ్చును. ఆ రంగు తాకినట్లు తెలుపునే గాని అడిగినట్లు తెలుపదు. ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యమొకదానిలో 250 రూపాయలు అడిగెనని శిక్షపడిన మండల రెవెన్యూ అధికారిని, ఫిర్యాదుదారుడైన చౌకధరల దుకాణదారు సాక్ష్యము మార్చుకొనగా, 2014లో సుప్రీంకోర్టు నిర్దోషిగా విడుదల చేసినది. 2022 డిసెంబరు 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ విషయమును స్పష్టపరచినది. ఇచ్చువాడు తానై ఇవ్వజూపగా గ్రహించుట ఒకటి. అధికారి అడిగి రాబట్టుట మరొకటి. రెంటికిని రుజువు కావలయును. అయితే ఫిర్యాదుదారుడు మరణించినను, ఎదురు తిరిగినను, ఇతర సాక్ష్యమునుబట్టి న్యాయస్థానము నిర్ణయింపవచ్చును.

ఇచ్చువాని మాట యేమి? రేపు ధ్రువపత్రములకై కచేరీ మెట్లెక్కబోవు మన విద్యార్థులు దీనిని ప్రత్యేకముగా ఎరుగవలెను. 2018 సవరణ ప్రకారము ఇచ్చుటయు స్వతంత్ర నేరమే. ఏడేండ్లవరకు శిక్ష పడవచ్చును. నిర్బంధమునకు లోబడి ఇచ్చినవాడు ఏడు దినములలోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలిపినచో ఆ నేరము అతనికి అంటదు. ముందుగా అధికారులకు తెలిపి, వారికి తోడ్పడుటకై ఇచ్చినవానికిని అట్టి రక్షణయే కలదు.