చూసుకునే మీకూ విశ్రాంతి కావాలి

పక్షవాతంతో మంచం పట్టిన మనిషికి ఇంట్లో సేవ చేసేది చాలాసార్లు ఒక్కరే. నెలల తరబడి నిద్ర లేకపోతే మీకే నడుము నొప్పి, బి.పి., విసుగు మొదలవుతాయి. మీరు పడిపోతే రోగికి దిక్కెవరు? కాబట్టి మీ విశ్రాంతి కూడా వైద్యంలో భాగమే.

వారానికి ఒక పూట ఆ పని మరొకరికి అప్పగించండి. అమరాపురంలోని ఆడపడుచైనా, మడకశిర నుండి వచ్చే మరిదైనా సరే. "వీలైతే రండి" అనకుండా రోజు, వేళ చెప్పి పిలవండి. వచ్చినవారికి ఇవి దగ్గరుండి చూపించండి:

1. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.
2. కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా తినిపించాలి.
3. మాత్రల వేళలు కాగితంపై రాసి గోడకు అంటించాలి.

మన రాష్ట్రంలో 2024 జూలై నుండి, పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు పింఛను నెలకు 15,000 రూపాయలు. అది వస్తుంటే, కొంత సొమ్ముతో రోజుకు రెండు గంటలు సహాయకురాలిని పెట్టుకోండి.

రోగి వయసు 60 దాటితే, దగ్గరలో ఏ సేవలున్నాయో 14567కు ఫోన్ చేసి అడగండి. మీ మనసు బరువెక్కితే 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ పూట ఇంటిపని పెట్టుకోకండి. నిద్రపోండి.